ఉప్పునీళ్లలో ఏళ్లుగా వాడిన 4000 సైజు స్పిన్నింగ్ రీల్: ఏవి పాడయ్యాయి, ఎలా బాగు చేసుకున్నాను

మైపాడు ఒడ్డున గాలం వేసే కుర్రాళ్లు రీల్ (గాలపు దారం చుట్టుకునే యంత్రం) కొనేముందు పెట్టె మీద బేరింగులు ఎన్నని చూస్తారు. మైపాడులో, కృష్ణపట్నం వాగు దగ్గర, అప్పుడప్పుడు కొత్తపట్నం దాకా తీసుకెళ్లి ఒకే రీల్‌ను ఏళ్లపాటు వాడాక ఆ అంకె మీద నాకు నమ్మకం పోయింది. ఇంట్లో కూర్చుని ఎంత సులువుగా విప్పి బిగించుకోగలమన్న దాన్నిబట్టే రీల్ ఎన్నాళ్లు పనిచేస్తుందో తెలుస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు. తక్కువ ధర రీళ్ల లోపలి అమరిక ఇంచుమించు ఒకటే.

మొదట మొరాయించేది లైన్ రోలర్, అంటే బెయిల్ (దారాన్ని పట్టి చుట్టించే తీగ) పక్కన దారం ఒరుసుకుంటూ పోయే చిన్న చక్రం. సముద్రంలో తడిసిన దారమంతా దాని మీదుగానే లోపలికి వస్తుంది కాబట్టి ఉప్పు పేరుకునేదీ అక్కడే. చక్రం బిగుసుకుపోతే దారం దాని మీద రాసుకుంటుంది, మెలికలు పడుతుంది, నూగు లేస్తుంది. చాలామంది దారం నాసిరకమనుకుని కొత్తది కొంటారు. నేను చూసిన రీళ్లలో సగం తిప్పలు ఇక్కడివే కాబట్టి ఈ పరీక్ష తప్పక చేయండి. చక్రం మీద మార్కర్‌తో ఒక చుక్క పెట్టి, దారం చివర కాస్త బరువు కట్టి చుట్టండి. చుక్క తిరగకుండా నిలబడిపోతే చక్రాన్ని విప్పాల్సిందే. చాలా రీళ్లలో దానికి ఒక్కటే స్క్రూ. సన్నని వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోన్‌లో ఫోటో తీసుకుని, బేరింగ్‌ను మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో కడిగి, ఆరాక ఒక్క చుక్క కుట్టుమిషన్ ఆయిల్ వేస్తే చాలు. అప్పటికీ గరగరమంటే కొత్తది వేయాలి. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి ఆ మూడు అంకెలు చెబితే మంచి బేరింగ్ షాపువాళ్లు వెతికి ఇస్తారు, అది రీల్‌దని చెప్పాల్సిన పని కూడా లేదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌దే అడగండి. బేరింగ్ లేకుండా ఉత్త ప్లాస్టిక్ బుష్ మీద చక్రం తిరిగే రీల్ మాత్రం సముద్రానికి కొనొద్దు.

రెండోది, చేప కొట్టినప్పుడు రాడ్ ఎత్తితే హ్యాండిల్ వెనక్కి జారడం. పండుగప్ప నోరు గట్టిది, ఆ క్షణంలో జారితే కొక్కెం దిగదు. రోటర్ (హ్యాండిల్ తిప్పితే దారాన్ని చుడుతూ తిరిగే భాగం) కింద ఒకవైపుకే తిరగనిచ్చే క్లచ్ ఉంటుంది. పెట్టె మీద బేరింగులు 5+1 అని రాస్తే ఆ +1 సాధారణంగా ఇదే. దీనికి గ్రీజు పనికిరాదు. గ్రీజు చేరితే లోపలి సన్నని రోలర్లు జారిపోయి పట్టు దొరకదు. కాబట్టి జారుతోందని ఇంకాస్త గ్రీజు పూస్తే రోగం ముదురుతుంది. రోటర్ నట్టు చాలా రీళ్లలో ఎదురు మర, కుడివైపు తిప్పితేనే వదులవుతుంది. కదలకపోతే బలవంతం చేయకుండా రెండోవైపు చూడండి. క్లచ్‌ను ముక్కలుగా ఊడదీయొద్దు, బియ్యపు గింజంత స్ప్రింగులు ఎగిరిపోతే మళ్లీ దొరకవు. మొత్తంగా స్పిరిట్‌లో ముంచి, ఆరబెట్టి, పల్చటి ఆయిల్ తడి తగిలిస్తే చాలు.

డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారాన్ని కొద్దికొద్దిగా వదిలే బిగింపు) గురించి మనవాళ్లు పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధ. దారం తెగింది, పెద్ద చేప పోయింది అంటారు. చాలాసార్లు డ్రాగ్ మొదట అతుక్కుని, తర్వాత కుదుపుతో వదలడం వల్ల తెగుతుంది. స్పూల్ (దారం చుట్టి ఉండే గుండ్రటి భాగం) పైభాగంలో తీగ క్లిప్ తీస్తే వాషర్లు వస్తాయి. ఫెల్ట్ వాషర్లయితే గోరువెచ్చటి నీళ్లలో ఉప్పు వదిలేలా నానబెట్టి, పూర్తిగా ఆరాక డ్రాగ్ గ్రీజు పల్చగా పట్టించి, ఉన్న వరసలోనే పెట్టాలి. బిగింపు చేతి అంచనాతో కాదు, బ్యాగులు తూచే చిన్న కాటాకు దారం కట్టి లాగి చూడాలి. దారం బలం 9 కిలోలైతే 2 నుంచి 3 కిలోల మధ్య వదలాలి.

కడగడం చిన్న పనే కానీ అక్కడే ఎక్కువ రీళ్లు చెడిపోతున్నాయి. పైపుతో జోరుగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. డ్రాగ్ బిగించి, మంచినీళ్లు సన్నగా చిలకరించి, గుడ్డతో తుడిచి, ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో రీల్ ఎక్కువగా మూలనే ఉంటుంది. ప్లాస్టిక్ కవరులో కట్టి ఉంచితే ఆ చెమ్మకు బేరింగులు తుప్పు పడతాయి. తుప్పు వదిలించే స్ప్రే లోపల కొట్టొద్దు, ఉన్న గ్రీజు కరిగిపోతుంది.

బెయిల్ స్ప్రింగ్ నీరసించడం చిన్న విషయం. వేసిన ప్రతిసారీ బెయిల్‌ను చేత్తో మూస్తే స్ప్రింగ్ ఎక్కువకాలం వస్తుంది, దారంలో ఉచ్చులూ తగ్గుతాయి.

నా చేతిలో బాగుపడనిది గేరు ఒక్కటే. హ్యాండిల్ తిప్పినంతసేపూ సన్నగా గరగరమంటే బేరింగ్ అనుకోవచ్చు, ప్రతి చుట్టుకీ ఒకే చోట టక్కుమంటే పళ్లు అరిగినట్టే. విడి గేరు నాకు నెల్లూరులో దొరకలేదు, ఒంగోలులోనూ దొరకలేదు. అదే మోడల్ పాతది ఇంకొకటి కొని దాని గేరు ఇందులో వేశాను, ఇప్పటికీ వాడుతున్నాను. కొత్తగా కొనేవాళ్లు నాలుగేళ్లుగా మార్కెట్లో ఉన్న మోడలే తీసుకోండి, పాత రీళ్ల నుంచి విడిభాగాలు దొరికేది వాటికే.