‘20 గంటల్లో డాలస్’ అంటే డబ్బు కట్టకండి, ముందు ఇది చదవండి

అమ్మను జూన్‌లో డాలస్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి పంపాలని ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర టికెట్ కొన్నాను. వాట్సాప్‌లో ఆయన పంపిన బొమ్మలో ‘హైదరాబాద్–డాలస్, వయా ఫ్రాంక్‌ఫర్ట్, 20 గం. 45 ని.’ అని ఉంది. మిగతా వాళ్ల కంటే పద్దెనిమిది వేలు తక్కువ. వెంటనే కట్టేశాను.

టికెట్ వచ్చాక చూస్తే 12వ తేదీ అర్ధరాత్రి దాటాక 2 గంటలకు బయలుదేరి, 13న మధ్యాహ్నం 2 గంటలకు దిగడం అని ఉంది. ఇది 36 గంటలు కదా అని ఫోన్ చేశాను. "టైమ్ తేడా వల్ల అలా కనిపిస్తుంది మేడమ్" అన్నాడు. నేనూ నమ్మాను, అదే నా తెలివితక్కువతనం.

ఇక్కణ్నుంచి అమెరికా వెళ్లేటప్పుడు టైమ్ తేడా వల్ల ప్రయాణం ఎక్కువగా కాదు, తక్కువగా కనిపిస్తుంది. ఎండాకాలంలో డాలస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో పదకొండున్నర. అంటే 36కి పదిన్నర కలపాలి. అసలు ప్రయాణం నలభై ఆరున్నర గంటలు! ఆయన చెప్పిన 20 గం. 45 ని. గాల్లో ఉండే సమయం మాత్రమే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పడిగాపులు పడాల్సిన 25 గంటల ముప్పావు ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

ఇంకో తిరకాసు తమ్ముడు పట్టుకున్నాడు. "అక్కా, రెండు విమానాలకి పీఎన్‌ఆర్‌లు వేరువేరుగా ఉన్నాయి, చూశావా?" విడివిడి టికెట్లు కాబట్టి బ్యాగులు ఫ్రాంక్‌ఫర్ట్ వరకే వెళ్తాయట. వాటిని తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, దానికి షెంజెన్ వీసా (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) ఉండాలి. అమ్మకి ఉన్నది అమెరికా వీసా. ఆవకాయ జాడీల సంగతి దేవుడెరుగు, శంషాబాద్ కౌంటర్‌లోనే ఆపేసేవాళ్లు. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం మనదే.

రద్దు చేయిస్తే అరవై వేలు పోయాయి.

తర్వాత దోహా మీదుగా ఒకే పీఎన్‌ఆర్‌తో తీసుకున్నాం. 3:30కి ఎక్కితే అదే రోజు సాయంత్రం 4:15కి దిగడం. పన్నెండు గంటల ముప్పావులా ఉంది కానీ పదిన్నర కలిపితే 23 గంటల పావు. హైదరాబాద్–డాలస్ సూటి దూరమే దాదాపు 14,400 కిలోమీటర్లు, నేరుగా వెళ్లే విమానం లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సుమారు 15,400, దోహా మీదుగా 15,700. తేడా మూడు వందల కిలోమీటర్లే. మన గంటలు మింగేది మధ్యలో ఆగడమే.

అందుకే ఏజెంట్‌ని ‘ఎన్ని గంటలు’ అని అడిగి వదిలేయకండి. డబ్బు కట్టకముందే ప్రతి విమానం ఎక్కే, దిగే టైములు తేదీలతో సహా రాయించుకోండి. పీఎన్‌ఆర్ ఒకటేనా, బ్యాగులు డాలస్ దాకా వెళ్తాయా అన్నదీ మెసేజ్‌లో పెట్టమనండి. మాటల్లో చెప్తే నాలాగే అవుతుంది.

నిన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో అదే బొమ్మ పెట్టారు. ధర మాత్రం రెండు వేలు తగ్గించాడు.