గువామ్‌కి వీసా అక్కర్లేదు, కానీ కౌంటర్‌లో అమ్మాయికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

గువామ్ అంటే పసిఫిక్‌లో అమెరికా ఏలుబడిలో ఉన్న దీవి. దాని బీచ్ గురించి తర్వాత చెప్తాను, ముందు దారిలో మనీలా చెకిన్ కౌంటర్ సంగతి. ఆ కోపం ఇంకా దిగలేదు.

మేముండేది కౌలాలంపూర్‌లో. నాది ఇండియన్ పాస్‌పోర్ట్, అందులో అమెరికా విజిటర్ వీసా ఉంది కాబట్టి నాకు గొడవ లేదు (అది లేనివాళ్లు 185 డాలర్లు కట్టి ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే). మా ఆవిడ, అత్తయ్య, మావయ్య మాత్రం మలేషియా తెలుగువాళ్లు. ఆ పాస్‌పోర్ట్‌కి అమెరికా ఎస్టా (వీసా లేకుండా వచ్చేవాళ్లకి ఆన్‌లైన్‌లో ఇచ్చే అనుమతి) ఇవ్వదు గానీ గువామ్, సైపాన్ దీవుల వరకు అయితే వీసా లేకుండా 45 రోజులు ఉండనిస్తుంది. 2009 నుంచీ ఉన్న ఏర్పాటే. ఇదివరకు ఐ-736 అనే ఫారం నింపితే సరిపోయేది, 2024 నవంబర్ 29 నుంచి ఆన్‌లైన్‌లో ఈటీఏ (ముందస్తు ప్రయాణ అనుమతి) తప్పనిసరి చేశారు. ప్రయాణానికి కనీసం 5 రోజుల ముందు పెట్టుకోవాలి, పైసా ఖర్చు లేదు. దీనికి ఒక ఏజెంట్ మనిషికి 250 రింగిట్లు అడిగాడు! గూగుల్‌లో వెతికితే అచ్చం ప్రభుత్వ సైట్లలా కనిపించేవి పైన వస్తాయి, అడ్రస్ చివర డాట్ గవ్ లేకపోతే కార్డు బయటికి తీయకండి.

అప్లికేషన్లో చిక్కల్లా పేరుతోనే. మలేషియాలో మనవాళ్లకి ఇంటిపేరు ఉండదు, ఎ/ఎల్ (కొడుకు) ఫలానా, ఎ/పి (కూతురు) ఫలానా అని తండ్రి పేరు ఉంటుంది. పాస్‌పోర్ట్ అడుగున రెండు వరసల్లో పేరు ఎలా ఉందో అలాగే కొట్టాం, మంజూరైంది.

మనీలాలో కౌంటర్ అమ్మాయి అత్తయ్య పాస్‌పోర్ట్ పేజీలన్నీ తిరగేసి "యూఎస్ వీసా ఏదీ?" అంది. అక్కర్లేదన్నాం, ఈటీఏ ప్రింటు చూపించాం. అది చదవకుండానే పక్కన పెట్టి, అమెరికా అంటే వీసా ఉండాల్సిందేనంది. మావయ్య తన ప్లాస్టిక్ ఫైల్లోంచి రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ ఒక్కొక్కటీ తీసి పేకముక్కల్లా పరిచారు. వెనక క్యూలో సణుగుడు, అత్తయ్యకి బీపీ. చివరికి సూపర్‌వైజర్ వచ్చి కంప్యూటర్లో రెండు నిమిషాలు చూసి "ఓకే" అన్నాడు, అంతే, ఒక్క సారీ కూడా లేదు. కాబట్టి ఫోన్లో ఉందిలే అనుకోకండి, ప్రింట్లు పెట్టుకోండి. గువామ్ ఇమిగ్రేషన్‌లో ఇందులో సగం టెన్షన్ కూడా లేదు, వేలిముద్రలు, ఫొటో, రెండు ప్రశ్నలు.

గువామ్‌లో హోటళ్లన్నీ ఉండే టుమాన్ బీచ్ దగ్గర మా హోటల్ రాత్రికి 189 డాలర్లు, దానిమీద 11 శాతం గది పన్ను. సముద్రం బావుంది, గది మామూలే, ఆ రేటుకి నేనైతే మళ్లీ దిగను. బస్సుల్ని నమ్ముకోవద్దు, రోజుకి 62 డాలర్లకి కారు తీసుకున్నాం.

బుధవారం రాత్రి రాజధాని హగాత్నలో చమోరో విలేజ్ అనే చోట సంత ఉంటుంది, అది మాత్రం వదలొద్దు. ఎర్రన్నం, దాంతోపాటు కాల్చిన కోడిలో నిమ్మరసం, పచ్చికొబ్బరి, ఘాటు మిరపకాయలు కలిపిన కెలగ్వెన్, పక్కన ఫినదెనె అనే పుల్లటి కారం. ప్లేటు 14 డాలర్లు. పొద్దుట్నుంచీ ముభావంగా ఉన్న అత్తయ్య రెండోసారి వెళ్లి తెచ్చుకున్నారు. తింటూనే "ఇంత దూరం వచ్చాం, హవాయి కూడా చూసొద్దామా?" అన్నారు. ఈ ఈటీఏ మీద అక్కడికి పంపరత్తయ్యా, దానికి వీసా కావాలి అన్నాను. "అయితే అప్లై చెయ్యి" అన్నారు మావయ్య, ఫైల్ సర్దుకుంటూ.