యాక్సిడెంట్ భయం పోవాలంటే ఏది మేలు: కళ్ళు కదిలించే ఈఎండీఆరా, జరిగింది మళ్ళీ చెప్పించే థెరపీనా?

ఘాట్ రోడ్డులో యాక్సిడెంట్ అయ్యి బతికి బయటపడినోళ్ళు మన తిరుపతి చుట్టుపక్కల చానామందే ఉంటారు. కుట్లు మానిపోతాయి, కట్లు విప్పేస్తారు, కానీ రాత్రయితే అదే బ్రేక్ సౌండు, అదే అరుపులు, బస్సెక్కమంటే ఒళ్ళంతా చెమటలు. ఇంట్లోవాళ్ళేమో దడుసుకున్నాడు, తాయెత్తు కట్టిస్తే పోతుందిలే అంటారు. కట్టించండి, నేను వద్దనను, కానీ నెల దాటినా తగ్గలేదంటే అది పీటీఎస్‌డీ, అంటే ఘోరం జరిగాక మనసుని వదలకుండా పట్టుకునే జబ్బు, కావచ్చు, దానికి బాగా పనిచేసే వైద్యం ఉంది.

ముందు ఈఎండీఆర్ సంగతి. అమెరికాలో ఫ్రాన్సిన్ షాపిరో అనే సైకాలజిస్ట్ 1987లో మొదలుపెట్టింది, 1989లో మొదటి స్టడీ వచ్చింది. బయటినుంచి చూస్తే మంత్రం వేసినట్టే ఉంటుంది, థెరపిస్ట్ వేళ్ళు అటూ ఇటూ ఆడిస్తుంటే మనం కళ్ళతో ఫాలో అవ్వడం. కానీ అసలు పని దానికి ముందే మొదలవుతుంది. మొత్తం 8 దశలు. మీ హిస్టరీ అంతా తీసుకుంటారు, మనసు చెదిరితే మళ్ళీ కుదుటపడడం ఎట్లో నేర్పిస్తారు, ఆ తర్వాతే జ్ఞాపకం దగ్గరికి వస్తారు. అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే దృశ్యం ఏది, దాన్ని తలుచుకుంటే మీ గురించి మీకు ఏమనిపిస్తుంది, ఒంట్లో ఎక్కడ బిగుసుకుంటుంది, బాధ 0 నుంచి 10లో ఎంత, ఇవన్నీ అడిగి, ఆ దృశ్యాన్ని మనసులో పెట్టుకుని కళ్ళు కదిలించమంటారు, కాసేపాగి "ఇప్పుడేం వస్తోంది?" అంటారు, మళ్ళీ ఇంకో విడత. కళ్ళ సమస్య ఉన్నోళ్ళకి చేతుల మీద తట్టడమో, చెవుల్లో సౌండో వాడతారు.

ఎందుకు పనిచేస్తుందంటే, ఎక్కువమంది చెప్పేది ఏందంటే, జ్ఞాపకాన్ని తలుచుకోవడం, వేళ్ళని ఫాలో అవ్వడం రెండూ ఒకేసారి చేసేసరికి మెదడుకి చోటు చాలక ఆ దృశ్యం పదును తగ్గుతుందని. అసలు కళ్ళ కదలిక లేకపోయినా ఫలితం అంతే ఉంటుందని వాదించే రీసెర్చర్లూ ఉన్నారు. తగ్గాల్సినోళ్ళకి తగ్గుతోందా లేదా అన్నదే నాకు ముఖ్యం.

రెండోది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్ట్ తయారుచేసింది. మామూలుగా 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి గంటన్నర దాకా. కళ్ళు మూసుకుని ఆ రోజు జరిగింది ఇప్పుడే జరుగుతున్నట్టు పైకి చెప్పాలి, మళ్ళీ మళ్ళీ చెప్పాలి, అది రికార్డు చేసిస్తే ఇంట్లో రోజూ వినాలి. ఇంకోపక్క ఏ పనులకి దూరంగా పారిపోతున్నామో వాటిని చిన్నదాంతో మొదలుపెట్టి చెయ్యాలి. మన ఊర్లో ఇది చక్కగా కుదురుతుంది చూడండి, మొదట బస్టాండులో ఆగున్న బస్సులో కూర్చోవడం, తర్వాత అలిపిరి దాకా వెళ్ళి రావడం, ఆ తర్వాత కొండెక్కడం. ఎక్కేదానికి ఒక ఘాట్ రోడ్డు, దిగేదానికి ఇంకోటి కాబట్టి, దిగేటప్పటి మలుపులంటేనే భయమైతే మొదటిసారి బస్సులో ఎక్కి మెట్లదారిన దిగొచ్చు, అది కుదిరాక బస్సులోనే దిగాలి.

మరి ఏది మేలు? 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈఎండీఆర్‌నీ, ట్రామా (మనసుకి తగిలిన దెబ్బ) మీద దృష్టిపెట్టే సీబీటీనీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే థెరపీనీ, రెండిటినీ సిఫారసు చేసింది, ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ ఈ రెండోదాంట్లోకే వస్తుంది. 2017లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మాత్రం ఎక్స్‌పోజర్‌ని గట్టిగా, ఈఎండీఆర్‌ని కాస్త ఆచితూచి సిఫారసు చేసింది. గట్టిగానో ఆచితూచో రెండిటినీ సిఫారసు చేశారు కాబట్టి, ఏది గొప్పదని కాకుండా మనిషిని బట్టి చూడడమే మంచిదని నా లెక్క.

మా పిన్నమ్మ కూతురుంది, వాళ్ళ వ్యాన్ బోల్తా పడినప్పుడు వాళ్ళాయన్ని ముందు సీట్లో కూర్చోమన్నది తనే, ఆ మాట కన్నతల్లితో కూడా చెప్పుకోలేక పోతుంది. అట్లాంటోళ్ళకి నేనైతే ఈఎండీఆరే అంటా, ఎందుకంటే జరిగిందంతా వివరంగా పైకి చెప్పక్కర్లేదు, పెద్ద హోంవర్కూ ఉండదు, పైగా "తప్పు నాదే" అనే ఆ నమ్మకాన్నే పట్టుకుని పనిచేస్తారు. అదే ఒక డ్రైవరున్నాడనుకోండి, బాధంతా స్టీరింగ్ పట్టుకోలేకపోవడమే, బండి నడిపితేనే ఇల్లు గడుస్తుంది, మాట్లాడ్డానికి మొహమాటం లేదు, అతనికి ఎక్స్‌పోజర్ మేలు, రోజూ ప్రాక్టీస్ చేసే పద్ధతి కాబట్టి. రెండిట్లోనూ మొదట్లో కలలు, దిగులు కాస్త పెరగొచ్చు, భయపడి మధ్యలో మానెయ్యకండి, థెరపిస్ట్‌కి చెప్పండి.

మందుల మాట కూడా ఒకటి. సెర్ట్రాలిన్ లాంటివి సైకియాట్రిస్ట్ రాస్తే సాయపడతాయి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మింగడం మాత్రం దీనికి వైద్యం కాదు.

యూట్యూబ్‌లో అటూ ఇటూ తిరిగే చుక్కని చూస్తూ సొంతంగా చేసుకునేది అస్సలొద్దు, జ్ఞాపకం పైకి లేచాక పక్కన పట్టుకునేవాళ్ళు ఉండరు. రుయా లాంటి పెద్దాసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్‌ని కలవండి, చిత్తూరు వైపోళ్ళకి వేలూరు సీఎంసీ దగ్గర, ఎక్కడికెళ్ళాలో తెలీకపోతే మనసు బాధలకి సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. థెరపిస్ట్‌ని కలిసినప్పుడు ఈ పద్ధతిలో ట్రైనింగ్ ఎక్కడ తీసుకున్నారని మొహమాటం లేకుండా అడగండి, హిస్టరీ ఏమీ తీసుకోకుండా మొదటిరోజే వేళ్ళు ఆడించడం మొదలుపెడితే మాత్రం లేచి వచ్చేసి ఇంకొకర్ని చూసుకోండి.