గెడ్డ వెంట ఒక ఆదివారం: గంట్యాడ వైపు చెరువు సేవ ఎలా ఉందంటే

విజయనగరం నుంచి గంట్యాడ వైపు వెళ్లే దారిలో, ఒక ఊరి చెరువు దగ్గర కొందరు యువతీయువకులు ఆదివారాల్లో స్వచ్ఛంద సేవ నడుపుతున్నారు. పొద్దున గెడ్డ (కొండవాగు) వెంట నడక, తర్వాత నీటి పరీక్షలు, కాస్త మట్టిపని, మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలకు బొమ్మలు, పాటలు. రుసుము లేదు. భోజనానికి మాత్రం 50 రూపాయలు తీసుకుంటారు. మా మనవరాలిని తీసుకెళుతున్నానని తెలిసినప్పటి నుంచి మా వీధివాళ్లు "పిల్లలను పంపవచ్చా?" అని అడుగుతూనే ఉన్నారు. పంపవచ్చు. మీరూ వెళ్లవచ్చు. కాకపోతే ఆ ఆదివారం ఏ పని పెట్టుకున్నారో ముందు కనుక్కోండి. రేవు శుభ్రం చేసే రోజున వెళితే ఫొటోలు మిగులుతాయి. గెడ్డ నడక ఉన్న రోజున వెళితే ఆ చెరువు ఎందుకు నిండడం లేదో తెలుస్తుంది.

నేను చిన్ననీటి పారుదల విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. మదుములు (చెరువు నీరు వదిలే తూములు), అలుగులు (నిండిన చెరువు నీరు పొర్లిపోయే కట్టడాలు), గట్ల కొలతలు చూస్తూనే ఉద్యోగం గడిచింది. అందువల్ల చెరువు దగ్గర ఎవరైనా పార పట్టుకుంటే ఊరికే మెచ్చుకోవడం నాకు చేతకాదు.

నడక నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కార్యక్రమంలో ప్రాణమంతా అందులోనే ఉంది. అందరినీ ముందుగా చెరువు దగ్గరికి కాకుండా కొండ కింద జీడితోటల దాకా ఆటోల్లో తీసుకెళతారు. అక్కడి నుంచి గెడ్డ వెంట కిందికి నడిపిస్తారు. నడిపించే అమ్మాయి భూగర్భశాస్త్రం చదివిందట. ఉపన్యాసం ఇవ్వదు. జీడాకు దట్టంగా రాలిన చోట ఒక చెంబు నీళ్లు పోసింది, అవి పోసినట్టే ఇంకిపోయాయి. పది అడుగుల అవతల ట్రాక్టరు చక్రాలు తొక్కిన బాటలో ఇంకో చెంబు పోసింది. ఆ నీళ్లు ఎర్రగా మారి, మా చెప్పుల మధ్య నుంచి పల్లానికి జారిపోయాయి. "ఇప్పుడు చెప్పండి, ఈ ఎర్రరంగు ఎక్కడిది, ఎక్కడికి పోతోంది?" అని పిల్లలను అడిగింది. ఒక కుర్రాడు "చెరువులోకి" అన్నాడు. పూడిక గురించి నేను ఉద్యోగంలో ఎన్నో ఎస్టిమేట్లు రాశాను గాని, ఎవరికీ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

మన జిల్లాలో వాన తక్కువ కాదు. సగటున ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైగానే పడుతుంది. పడిన వాన కొండవాలులో ఆగకుండా, వచ్చిన దారినే మట్టినీ పట్టుకుని పోవడమే ఇక్కడి ఇబ్బంది. 1994లో హనుమంతరావు కమిటీ వాటర్‌షెడ్ పనుల (వాన నీటినీ, మట్టినీ పడినచోటే నిలిపే పనుల) గురించి నివేదిక ఇచ్చాక, 1995 నుంచి సుమారు 500 హెక్టార్ల పరీవాహక ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని పని చేయాలన్నారు. పని పై నుంచి కిందికి జరగాలి, ముందు కొండ, తర్వాత మెట్ట, చివరికి చెరువు. కాగితం మీద అందరం ఒప్పుకున్నాం. నేలమీదికి వచ్చేసరికి బిల్లు తొందరగా వచ్చే పని ముందు జరిగేది. ఈ పిల్లలు మాత్రం నిజంగానే కొండ దగ్గర మొదలుపెట్టారు. అందుకు వాళ్లకు పూర్తి మార్కులు.

మట్టిపనిలో నన్ను కట్టిపడేసినది ఏ-ఫ్రేము. తెలియని వారి కోసం చెబుతాను. ఆరేడు అడుగుల కర్రలు రెండు తీసుకుని పైన కలిపి కట్టి, మధ్యలో ఒక అడ్డకర్ర బిగిస్తారు. పై ముడి నుంచి దారం వేలాడదీసి దాని కొసన రాయి కడతారు. రెండు కాళ్లనూ నేలమీద ఆనించి, దారం అడ్డకర్రను తాకిన చోట గీత పెడతారు. తర్వాత కాళ్లను తారుమారు చేసి అవే గుర్తుల మీద నిలబెట్టి ఇంకో గీత. ఆ రెండు గీతల నడిమి బిందువే సమతలం. ఇక ఒక కాలు నిలిపి రెండో కాలు తిప్పుతూ, దారం ఆ బిందువు మీదికి వచ్చిన చోటల్లా సున్నం వేసుకుంటూ పోతే, వాలుకు అడ్డంగా సమాన ఎత్తు గీత వచ్చేస్తుంది. ఆ గీత వెంట కందకం తవ్వితే నీరు ఏ పక్కకూ పరుగెత్తదు, ఉన్నచోటే ఇంకుతుంది.

గాలికి దారం ఊగుతుంటే మా మనవరాలు రెండు చేతులూ అడ్డం పెట్టి కాపు కాసింది. "తాతయ్యా, ఊపిరి పీల్చకు, రాయి కదులుతోంది" అని నన్ను కసిరింది కూడా. ఆఫీసులో మాకు లెవెలింగ్ యంత్రాలు ఉండేవి. అయినా చెబుతున్నాను, ఆ రోజు పిల్లలు సున్నం వేసిన గీత బాగుంది. మెట్ట రైతును ముందే ఒప్పించి, ఆయన చూపిన చోటే తవ్వారు. కందకం అంచున వట్టివేరు నాటారు. తవ్విన మట్టిని పల్లం వైపే పోయాలన్న సంగతి కూడా వాళ్లకు తెలుసు. చాలామంది కంట్రాక్టర్లకు ఇది తెలియదు.

నీటి పరీక్షల దగ్గరికి వస్తే మెచ్చుకోలు సగానికి తగ్గుతుంది. పరికరాలు మంచివే. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) చూసే కాగితాలు, కరిగిన లవణాలు చూసే టీడీఎస్ మీటరు, కరిగిన ఆక్సిజన్ చూసే చుక్కల మందు, నలుపు తెలుపు రంగులు వేసిన స్టీలు పళ్లెం ఉన్నాయి. పళ్లేన్ని తాడుతో నీటిలోకి దించి, కనబడకుండా పోయిన లోతును కొలుస్తారు. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఒక ఆదివారం పరీక్ష పొద్దున తొమ్మిదికి జరుగుతుంది, ఇంకో ఆదివారం భోజనాలయ్యాక జరుగుతుంది. నాచు పట్టిన చెరువులో తెల్లవారే వేళకు ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది. ఎండెక్కే కొద్దీ పెరుగుతుంది, పీహెచ్ కూడా దానితోపాటే పైకి పోతుంది. వేర్వేరు వేళల అంకెలను ఒకే పట్టికలో పక్కపక్కన రాసి "నీరు బాగుపడింది" అంటే ఎలా? ఈ మాట చెబితే అమ్మాయి వెంటనే నోటుబుక్కులో టైము అనే గడి గీసుకుంది. గీసుకున్నంత మాత్రాన చాలదు, ఒక వేళకు కట్టుబడాలి.

టీడీఎస్ మీటరు మీద పెద్దలకున్న భక్తి కూడా అక్కడ బాగా కనబడింది. అంకె 500 లోపు వస్తే "తాగొచ్చు" అనేస్తున్నారు. ఆ మీటరు కరిగిన లవణాలను చూపిస్తుంది, అంతే. మలినాలతో వచ్చే సూక్ష్మజీవులు దానికి కనబడవు. వాటికోసం వేరే చిన్న సీసా ఇస్తారు. నీరు గీత దాకా పోసి మూత పెట్టి, ఇంట్లో కదపకుండా ఉంచాలి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీరు కలుషితమైనట్టు. మా ఇంట్లో కిటికీ పక్కన పెట్టిన రేవు నీళ్ల సీసా మర్నాటి సాయంత్రానికి కాటుకలా మారింది. మా కోడలు దాన్ని వంటింటి దరిదాపులకు రానివ్వలేదు. ఈ సీసా ఇంటికి పంపడం ఈ బృందం చేసిన మంచి పనుల్లో ఒకటి, ఎందుకంటే మీటరు మురిపాన్ని అదే వదిలించింది. అయితే నల్లబడిన సీసాను ఏం చేయాలో కాగితం మీద రాసి ఇవ్వాలి. అడిగితే, బ్లీచింగు నీళ్లు పోసి అరగంట ఉంచి పారబోయమన్నారు. అడగని వారి సంగతి?

ఇప్పుడు అసలు ఫిర్యాదు. రేవు శుభ్రం చేసే రోజున గుర్రపుడెక్క లాగి గట్టున కుప్పలు పోశారు. చేతితొడుగులు అందరికీ సరిపోలేదు. నీళ్లలో గాజు పెంకులున్న చెరువు అది. కుప్పలు గట్టు మీదే కుళ్లాయి, సగం మళ్లీ నీటిలోకే జారాయి. ఆ రోజే ఒక రైతు, నార తీయడానికి చెరువులో ఊరవేద్దామని గోగు కట్టలు బండిమీద తెచ్చాడు. మన జిల్లాలో గోగునార పంట ఎంత పాతదో, నెల్లిమర్ల జూట్ మిల్లు పేరు విన్నవారికి చెప్పనక్కరలేదు. ఊరవేసిన కట్టలు రెండు మూడు వారాలు నీటిలో కుళ్లాలి. ఆ కుళ్లడానికి నీటిలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది, వాసన వస్తుంది, ఒక్కోసారి చేపలు తేలుతాయి. ఇదంతా నిజమే. కానీ ఒక కాలేజీ కుర్రాడు ఆ రైతును పట్టుకుని "మీరే చెరువును పాడు చేస్తున్నారు" అన్నాడు. రైతు బండి దిగి, "బాబూ, మా తాతల నాటి నుంచి ఇక్కడే ఊరేస్తున్నాం. వేరే గొయ్యి చూపించు, అక్కడే వేస్తాను" అన్నాడు. కుర్రాడి దగ్గర జవాబు లేదు.

జవాబు ఉంది. అలుగు కింద పక్కగా ఒక గుంట తవ్వి, చెరువు నీరు వదిలి, అందులో ఊరవేయించవచ్చు. దానికి పంచాయతీని, నీటి సంఘాన్ని కూర్చోబెట్టాలి. 1997లో చట్టం వచ్చిన నాటి నుంచి మనకు సాగునీటి సంఘాలున్నాయి. ఈ బృందం ఆ సంఘం వారిని ఒక్కసారి కూడా పిలవలేదు. గెడ్డ మధ్యలో రోడ్డు కింద వేసిన తూము సన్నగా ఉండి, దాని నోట ముళ్లకంప, ప్లాస్టిక్ పేరుకుని, వానొస్తే నీరు చెరువు దారి వదిలి పక్క పొలాల మీద పడుతోంది. నడకలో అందరికీ చూపిస్తారు. "దీనికి అర్జీ పెట్టారా?" అంటే "మేము పని చేసేవాళ్లం మాస్టారూ, అర్జీలు మాకెందుకు" అన్నారు. ఆ తూము మారనంతకాలం గుర్రపుడెక్క ఎంత లాగినా చెరువులోకి కొత్తనీరు రాదు. నిలవనీటిలో గుర్రపుడెక్క మళ్లీ పెరుగుతుంది. పారపని చేసే చేతులతో ఒక కాగితం కూడా రాయాలి. మొత్తం మీద ఈ సేవకు అయిదు మార్కులకు మూడున్నర ఇస్తాను, ఒకటిన్నర కోసింది ఇందుకే.

మధ్యాహ్నం కార్యక్రమం బాగుంటుంది. భోజనం అరిటాకుల్లో, పప్పు, వంకాయ కూర, మజ్జిగ. ప్లాస్టిక్ గ్లాసులు లేవు. తర్వాత బడి గోడ మీద పిల్లలు జిల్లా నదుల పటం వేశారు. అనంతగిరి కొండల నుంచి బొర్రా మీదుగా తాటిపూడికి, అక్కడి నుంచి భీమిలికి గోస్తని. గజపతినగరం, నెల్లిమర్ల మీదుగా కోనాడ దగ్గర సముద్రానికి చంపావతి. అన్నీ నిండు నీలం రంగులో వేస్తుంటే, నెల్లిమర్ల వైపు నుంచి వచ్చిన ఒక పాప, "వేసవిలో మా చంపావతి ఇలా ఉండదు" అని పట్టుబట్టి, నీలం గీత పక్కనే ఇసుకరంగు గీత వేసింది. ఆ పటంలో నిజమైన నది అదొక్కటే అని నా ఉద్దేశం. ఎర్రమట్టి, బొగ్గు, పసుపు నూరి వేసినంతవరకు బాగానే ఉంది. చివర్లో డబ్బా రంగులు తెరిచి, బ్రష్షులు తీసుకెళ్లి రేవులోనే కడగబోయారు. నేను బకెట్టు తెప్పించాను.

ఆఖరున తప్పెటగుళ్లు. గుండెకు కట్టిన గుండ్రటి రేకు వాద్యాన్ని రెండు అరచేతులతో వాయిస్తూ, గజ్జెల కాళ్లతో వలయం తిరుగుతూ ఎగురుతుంటే బడి ఆవరణ దుమ్మెత్తిపోయింది. ఇది గొల్లల కళ, గంగమ్మ కొలుపులతో ముడిపడినది. చెరువు గురించి చెప్పడానికి దీనికంటే తగిన ఆట మన దగ్గర లేదు. ఒక పెద్దాయన ఆట మధ్యలో ఆగి, పైడితల్లి అమ్మవారి విగ్రహం పెద్దచెరువులో దొరికిన కథ ఎత్తుకున్నాడు. విజయనగరం పిల్లలకు తెలిసిన కథే అయినా, చెరువు గట్టున వింటే వేరుగా ఉంది. పిల్లలు రేకు మీద చేయి వేసి చూస్తామంటే వద్దనలేదు.

కళాకారులకు ఏమిచ్చారని అడిగాను. బస్సు చార్జీలు, భోజనం అన్నారు. ఇది నాకు నచ్చలేదు. మనం సెలవురోజున సరదాగా పార పట్టేవాళ్లం, మనకు జీతం అక్కరలేదు. ఆట వారికి బతుకు. భోజనానికి 50 బదులు 100 తీసుకుని, మిగిలింది వారికి సంభావనగా ఇస్తే ఎవరూ కాదనరు. నేనైతే ఇస్తాను.

వెళ్లేవారికి కొన్ని మాటలు. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి గంట్యాడ బస్సు ఎక్కితే చాలు, దిగాక ఆటో వాళ్లదే. పాత బూట్లు వేసుకోండి, చేతితొడుగులు మీవి మీరే తెచ్చుకోండి. ఆరేళ్లలోపు పిల్లలకు గెడ్డ నడక కష్టం. వాన పడిన మర్నాడు నడక ఉండదు, ముందు రోజే ఫోను చేసి చెబుతారు, ఆ విషయంలో నిక్కచ్చిగా ఉన్నారు. వినాయకచవితి ముందు ఆదివారాల్లో చెరువు బంకమట్టితో విగ్రహాలు చేయిస్తారు. అప్పుడు జనం ఎక్కువ, పిల్లలకు మట్టి అందడమే గొప్ప. కందకాల పని చూడాలంటే తొలకరికి ముందే వెళ్లాలి, ఆ తర్వాత మెట్ట రైతు దుక్కికి దిగుతాడు, మిమ్మల్ని పొలంలోకి రానివ్వడు.