పారుడు రోగం జాడ తీసే పశువైద్య సేవ: ఒక దాళ్వా సీజను అనుభవం

దాళ్వా (రబీ వరి) కోతలు కాగానే మెట్ట నుంచి గొర్రెల మందలు గోదావరి డెల్టా చేలలోకి దిగడం, రైతులు ఎరువు కోసం రాత్రిళ్లు మంద కట్టించుకోవడం మాకు తరతరాల అలవాటు. అలా వచ్చిన ఒక మంద మా చేలో మూడు రాత్రులుండి వెళ్లింది. కాలవ గట్టున దానితో కలిసి మేసిన మా 18 మేకల్లో రెండింటికి ఆ వారంలోనే ముక్కులు కారడం, పారుడు మొదలయ్యాయి. అప్పటి నుంచి రోగం అదుపులోకి వచ్చేదాకా ప్రభుత్వ రోగ నిఘా సేవ ఎలా పని చేసిందో దగ్గరగా చూశాను కనుక, జీవాలు పెంచుకునేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

పశువైద్య సేవల నంబరు 1962కు ఫోను చేసిన మర్నాడే పశువైద్యులు వచ్చారు. మేక పై పెదవిని వేలితో పైకెత్తి చూపిస్తే, చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు తెల్లటి పొర కనిపించింది. జ్వరం 105 డిగ్రీలు. పీపీఆర్, అంటే మేకలకు, గొర్రెలకు వైరస్ వల్ల వచ్చే పారుడు రోగమని అనుమానమున్నా నోటిమాటతో తేల్చకుండా, ముక్కు స్రావాన్ని దూది పుల్లలతోను, రక్తాన్ని సీసాలతోను తీసి, ఒక్కొక్కదాని మీద ఊరు, తేదీ, జీవం వయసు రాసి ఐసు పెట్టెలో సర్దారు. నీలినాలుక, మూతిపుండ్లు అనే రోగాలు కూడా పైకి ఇలాగే కనబడతాయి గనుక ఈ జాగ్రత్త చాలా అవసరం. ఫలితం వచ్చేలోగా రోగమున్నవాటిని వేరుచేయమని, ఒక్క జీవాన్ని కూడా సంతకు తోలవద్దని గట్టిగా చెప్పారు. అయిదో రోజున పీపీఆరేనని తేలింది.

1942లో ఐవరీకోస్టులో తొలిసారి గుర్తించిన ఈ వైరస్ మన దేశంలో 1987లో తమిళనాడులోని అరసూరులో బయటపడింది. 2030 నాటికి దీన్ని ప్రపంచంలోనే లేకుండా చేయాలన్నది అంతర్జాతీయ సంస్థల లక్ష్యం. ఒక్క డోసు టీకా కనీసం మూడేళ్లు కాపాడుతుంది కాబట్టి ఆ లక్ష్యం అందరానిది కాదు. అయితే టీకా ఎక్కడ ముందు వేయాలో తెలియాలంటే రోగం ఏ దారిన వస్తోందో తెలియాలి. నాకు లోటు కనిపించింది అక్కడే.

మా ఊళ్లో రోగం ఉందని నమోదు చేశారు, చుట్టుపక్కల మందలకు టీకాలు వేశారు. కలిపిన టీకా మందు ఎండకు పాడవుతుందని తెల్లవారకముందే మొదలుపెట్టి, మిగిలినదాన్ని పారబోసి, ప్రతి జీవానికీ సూది మార్చి వేసిన ఆ సిబ్బంది శ్రద్ధను ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ మా చేలో ఉండి వెళ్లిన ఆ మంద ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు పోయింది అనే ప్రశ్నకు వారి ఫారంలో గడే లేదు. వైరస్ సోకిన నాలుగు నుంచి ఆరు రోజులకు గాని లక్షణాలు బయటపడవు. ఆలోగా మంద రెండు మూడు ఊళ్లు దాటిపోతుంది. నేనే కాపరికి ఫోను చేస్తే, మా ఊరికి రాకముందు ఒక సంతలో గొర్రెపిల్లల్ని కొని మందలో కలిపామని చెప్పాడు. ఆ మాట పశువైద్యులకు చెప్పినప్పుడు ఫారం వెనక రాసుకున్నారు.

బెంగళూరులో పశురోగాల మీద పరిశోధన చేసే నివేది సంస్థ రెండు నెలల ముందుగానే ఏ జిల్లాకు ఏ రోగం ముప్పు ఎంతో సూచిస్తుంది. టీకాలు ముందే తెప్పించుకోవడానికి అది ఎంతో ఉపకరిస్తుంది. కాకపోతే డెల్టాలో గోదావరి మీది సిద్ధాంతం వంతెన దాటితే జిల్లా మారిపోతుంది, మందకు ఆ గీత తెలియదు. జీవాల చెవులకు వేసే 12 అంకెల పోగులను టీకా రోజుతో పాటు మంద మకాం మారిన రోజున కూడా నమోదు చేస్తే జాడ తీయడం సులువవుతుందని నా అభిప్రాయం.

నాలుగు పిల్లలు, ఒక చూడి మేక పోయాయి. మిగిలినవి దక్కడానికి ఈ సేవే కారణం కనుక అయిదింటికి నాలుగు మార్కులు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు దారి అడగనందుకు.

ఈ ఏడు మంద కట్టించే ముందు కాపరిని కూర్చోబెట్టి, గత నెలలో ఆగిన ఊళ్లు, కొత్తగా కలిపిన జీవాలు, టీకా వేయించిన తేదీ ఒక కాగితం మీద రాయించుకున్నాను. దాని నకలు పశువైద్యులకు ఇస్తే, ఆయన ఫైలులో పెట్టుకున్నారు.