కిట్ కారుకు ముందు ఇండికేటర్లు: దీపానికి మంచి మార్కులు, స్క్రూలకు సున్నా

దీపాలు బాగున్నాయి. వాటితో వచ్చిన స్క్రూలను మాత్రం పెట్టె విప్పగానే చెత్తబుట్టలో పడేయండి. కొనాలా వద్దా అని అడిగేవారికి నా జవాబు ఇంతే. ఎందుకో తెలుసుకోవాలనుకునేవారు మిగతా సోదంతా చదవవచ్చు.

ముందు బండి సంగతి. మాది విజయవాడ. ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో ఉంటున్నాను, ఇంటి గ్యారేజీలో సెవెన్ తరహా కిట్ కారు, అంటే విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే బిగించుకునే బండి, కట్టుకుంటున్నాను. 1957లో లోటస్ కంపెనీ ‘సెవెన్’ పేరుతో తెచ్చిన ఆ రెండు సీట్ల బుల్లి బండి హక్కులు 1973లో కేటర్‌హామ్ కంపెనీ చేతికి వెళ్లాయి. ఆ ఆకారం మీద మోజు మాత్రం ఇక్కడివాళ్లకు ఇంకా తీరలేదు, నాకూ పట్టుకుంది. ఇలా ఇంట్లో కట్టిన బండి రోడ్డెక్కాలంటే ఐవీఏ అనే ప్రభుత్వ పరీక్ష దాటాలి. అందులో దీపాల వంతు చిన్నదేమీ కాదు. అందుకే ముందు ఇండికేటర్ల వంటి చిల్లర సామాను గురించి ఇంత రాయాల్సి వస్తోంది.

నేను కొన్నవి 73 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి నారింజ రంగు ఎల్‌ఈడీ దీపాలు. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ ముందు వైపు ఉండే దీపాల కొలతే ఇది. సోలిహల్‌లో డిఫెండర్ తయారీ 2016 జనవరిలో ఆగిపోయింది కానీ, ఆ కొలత దీపాలకు కొరత లేదు. రేపు ఎవరో పార్కింగ్‌లో తగిలించి ఒకటి పగలగొడితే ఆ ఒక్కటే తెచ్చుకుని బిగించుకోవచ్చు. జత ధర 30 పౌండ్లకు కాస్త లోపు. అమ్మింది ఆన్‌లైన్‌లో విడిభాగాలు అమ్మే ఒక చిన్న దుకాణం. పేరు చెప్పను, ఎందుకంటే కింద కాస్త తిట్టబోతున్నాను.

అందానికైతే బైకులకు పెట్టే సన్నటి ఇండికేటర్లే బాగుంటాయి, చవక కూడా. కానీ వాటి అద్దం మీద ఏం రాసి ఉందో చూడండి. ఐరోపా ఆమోదం పొందిన ప్రతి దీపం మీద వృత్తంలో ఆంగ్ల ‘ఇ’ అక్షరం, దాని పక్కన ఆమోదించిన దేశం సంఖ్య ఉంటాయి. 1 జర్మనీ, 4 నెదర్లాండ్స్, 11 బ్రిటన్. ఇదికాక వృత్తం బయట దీపం తరగతి ఉంటుంది. కారు ముందు ఇండికేటరుకు 1, 1ఎ, 1బి అనేవి. బైకు ముందు ఇండికేటరుకు 11. అంటే వృత్తం లోపలి 11 బ్రిటన్ ముద్ర, బయటి 11 బైకు ముద్ర. అమ్మేవాళ్లలోనే ఈ తేడా తెలియనివారు చాలామంది. నేను ఫోన్ చేసి అడిగితే ‘పదకొండు ఉంది కదండీ, ఇక్కడి ఆమోదమే’ అన్నాడు ఒకాయన, ఎంతో భరోసాగా.

ఈ దీపం అద్దం అంచున, గోరంత పొడవులో, వెలుతురుకు ఓరగా పట్టుకుంటే తప్ప కనబడనంత సన్నగా ఆ ముద్ర పోతపోసి ఉంది. తరగతి 1. అలా ఉంటే హెడ్‌లైటు వెలిగే అంచు నుంచి దీన్ని కనీసం 40 మిల్లీమీటర్లు ఎడంగా పెట్టాలి. 1ఎ అయితే 20 చాలు, 1బి అయితే ఇంకా దగ్గరగా పెట్టుకోవచ్చు. హెడ్‌లైటు వెలుగులో ఇండికేటరు కొట్టుకుపోకూడదని ఈ ఏర్పాటు. దగ్గరయ్యే కొద్దీ దీపానికి కాంతి ఎక్కువ ఉండాలి. దుకాణం వారి వివరాల పేజీలో ఈ తరగతి మాటే లేదు. కొనేవాడికి అన్నిటికన్నా అవసరమైన ఒక్క అంకె రాయకుండా ‘ఆకర్షణీయమైన డిజైన్’ అని మాత్రం రాశారు!

ఇక ఎక్కడ పెట్టాలి? చూడగానే బండి ముందుభాగమైన ఫైబర్ ముక్కు మీద రెండు వైపులా అతికిస్తే ముచ్చటగా ఉంటుందనిపిస్తుంది. కుదరదు. దీపం బయటి అంచు బండి బయటి అంచు నుంచి 400 మిల్లీమీటర్లు దాటి లోపలికి ఉండకూడదు. సెవెన్ తరహా బండికి చక్రాలు, మడ్‌గార్డులు బయటికి పొడుచుకుని ఉంటాయి, ఒళ్లు సన్నం. నా బండి వెడల్పు దాదాపు 1580. రెండు వైపులా 400 తీసేస్తే దీపాల బయటి అంచుల మధ్య కనీసం 780 ఉండాలి. ముక్కు అంత వెడల్పు ఎక్కడుంది? ఇలాంటి బండ్లకు ఇండికేటర్లు హెడ్‌లైట్లను మోసే కొమ్మలకే వేలాడుతుండడం సోకు కోసం కాదు, లెక్క అక్కడికే తెస్తుంది. ఎత్తు నేల నుంచి 350కి తగ్గకపోతే చాలు, అది సమస్య కాదు.

అసలు తిప్పలు కోణాలతో. దీపం బయటి వైపు 80 డిగ్రీల వరకు, లోపలి వైపు 45 వరకు కనబడాలి. పైకి 15 డిగ్రీలు. కిందికి కూడా 15 కావాలి కానీ, 750 మిల్లీమీటర్ల ఎత్తు లోపు పెట్టిన దీపానికి 5 చాలు. హెడ్‌లైటు డిప్ప కింద ఇండికేటరును కాస్త వెనక్కి పెట్టారంటే ఆ పై 15 డిగ్రీలకు డిప్ప అంచే అడ్డుపడుతుంది. దీపం అద్దాన్ని డిప్ప ముందు అంచుకు సమంగా తెచ్చేసరికి అడ్డు పోయింది. ఇందులో ఈ దీపం మేలు చేసింది. మందం తక్కువ, అడుగు చదునుగా ఉంది కాబట్టి చిన్న అల్యూమినియం పలకను కొమ్మకు బిగించి, దాని మీద కూర్చోబెట్టి ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. పలక అంచులను ఆకురాయితో గుండ్రంగా అరగదీయాలి. బయటికి పొడుచుకుని తగిలే అంచు ఏదైనా కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రం ఉండాలని ఐవీఏ నియమం. దీపం ఒంటికి పదును లేదు, దానికి ఇంకో మార్కు.

ఇప్పుడు తిట్లు. స్క్రూలు మెత్తటి ఇనుముకు పైపూత. స్క్రూడ్రైవరు కాస్త గట్టిగా తిప్పగానే గాడి అరిగిపోయింది. ఇక్కడి వానలకు, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఒక్క ఏడాదిలో తుప్పు పట్టి ఊడిరావు. స్టెయిన్‌లెస్ స్క్రూలు విడిగా కొనుక్కోండి. రబ్బరు వాషరు అప్పడంలా పలుచన, అదీ ఒక వైపు వంకర. దాని స్థానంలో సైకిల్ ట్యూబు కత్తిరించి వేశాను. చుట్టూ సిలికాన్ పూసేద్దామని చాలామందికి అనిపిస్తుంది. కింది వైపు కాస్త వదిలేయండి, లేకపోతే లోపల చేరిన చెమ్మ బయటికి పోయే దారి ఉండదు. వైరు చివరి పిన్నులు జపాన్ బండ్లలో వాడే సన్నరకం, నా వైరింగులోని బ్రిటిష్ సాకెట్లలో వదులుగా ఆడాయి. కోసేసి 4.7 మిల్లీమీటర్ల పిన్నులు వేసుకున్నాను.

ఎర్త్ విషయం. దీపానికి రెండు వైర్లు, నలుపు ఎర్త్. పలకకు రంగు పూసి ఉంటే అది ఎర్త్ ఇవ్వదు, ఫైబర్ ఎలాగూ ఇవ్వదు. నల్ల వైరును నేరుగా చట్రం దాకా తీసుకెళ్లండి. పాత బ్రిటిష్ పద్ధతిలో ఎడమ ఇండికేటరుకు ఆకుపచ్చ మీద ఎరుపు చార, కుడికి ఆకుపచ్చ మీద తెలుపు చార. ఆ వాడుక తప్పకండి, మరో ఐదేళ్లకు మీరే విప్పి చూసుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ అయితే రంగుతో పనిలేకుండా చిన్న టెస్ట్ లైటు పట్టుకుని నిమిషంలో తేల్చేస్తాడు. నాకు ఆ చేయి లేదు.

దుకాణం చెప్పకుండా దాచిన పెద్ద ఖర్చు ఫ్లాషర్, అంటే ఇండికేటరును వెలిగిస్తూ ఆర్పుతూ ఉండే డబ్బీ. మామూలు ఇండికేటరు బల్బు 21 వాట్లది, 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఎల్‌ఈడీ అందులో చిన్న భాగమే లాగుతుంది. బల్బుల కోసం చేసిన ఫ్లాషర్ దీన్ని చూసి బల్బు మాడిందనుకుంటుంది, చకచకా కొట్టుకుంటుంది. మా అబ్బాయి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెడితే నిమిషానికి 120 దాటిపోయింది. నియమం 60 నుంచి 120 లోపు. దీనికి చవక వైద్యంగా 6 ఓముల, 50 వాట్ల రెసిస్టర్లు అమ్ముతారు. బల్బు లాగే కరెంటునే ఉత్తినే వేడిగా తగలేస్తాయి. వాటిని ఫైబర్‌కు ఆనించి బిగిస్తే ఆ సెగకు ఫైబర్ పాడవుతుంది. దానికంటే ఎల్‌ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కొనడం మేలు. మూడు కాళ్లది. కాళ్ల పక్కన రాసి ఉండే అంకెల ప్రకారం 49కి సరఫరా, 49ఎ నుంచి స్విచ్‌కు, 31 ఎర్త్‌కు. పెట్టాక నిలకడగా కొట్టుకుంటోంది.

ఇంకో చిక్కు చెప్పి ఆపేస్తాను. డాష్‌బోర్డులో ఇండికేటరుకు ఒకే ఒక చిన్న దీపం ఉన్న వైరింగయితే, దాన్ని ఎడమ, కుడి వైర్ల మధ్య కలిపి ఉంటారు. బల్బుల కాలంలో వెలగని వైపు బల్బుల చల్లటి తీగ ద్వారా కరెంటు ఎర్త్‌కు పోయి ఆ చిన్న దీపం వెలిగేది. ఎల్‌ఈడీలు పెడితే ఆ దారి మూసుకుపోతుంది. ఎడమకు వేస్తే కుడి దీపాలు కూడా మసగ్గా మినుకుమంటాయి, లేదా డాష్‌బోర్డు దీపం అసలు వెలగదు. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి 1ఎన్4001 డయోడ్లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చేవి) తెచ్చి చిన్న దీపానికి కలిపి, దాని రెండో కొసను ఎర్త్ చేస్తే సరి. డయోడ్లు పెన్నీల్లో దొరుకుతాయి. తెలియకపోతే మాత్రం ఒక ఆదివారం పోతుంది.

వెలుగు సంగతికొస్తే, మిట్టమధ్యాహ్నపు ఎండలో వీధి అవతలి నుంచి స్పష్టంగా కనబడుతోంది. ఓరగా చూసినా కాంతి పెద్దగా తగ్గలేదు. దగ్గరగా చూస్తే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. నునుపైన నారింజ వెలుగు, పాత బండి కళ కావాలనుకునేవారు ఇదే కొలతలో 21 వాట్ల బల్బు రకం తీసుకోండి, ఫ్లాషర్, డయోడ్ల బాధ అసలే ఉండదు, ధర కూడా తక్కువ. నేను మళ్లీ కొనాల్సి వచ్చినా ఎల్‌ఈడీయే కొంటాను, కాకపోతే స్టెయిన్‌లెస్ స్క్రూలు, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్, రెండు డయోడ్లు కలిపి మొత్తం 50 పౌండ్ల దాకా ముందే పక్కన పెట్టుకుంటాను.