హెడ్‌లైటు రిలే కిట్: నాలుగేళ్లు వాడాక

హెచ్4 హాలోజెన్ బల్బులున్న (బ్రైటు, డిమ్ము రెండూ ఒకే బల్బులో ఉండే రకం) పాత కారు మీదైతే, రాత్రిళ్లు ఎక్కువగా తోలుతుంటే ఈ రిలే కిట్ తీసుకోండి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు. ఖర్చు పన్నెండు వందల దాకా అయింది. నేను నాలుగేళ్లుగా వాడుతున్నాను, మళ్లీ కొనాల్సొచ్చినా ఇదే కొంటాను. అయితే దీన్ని కొనమని చెప్పిన మనిషి సలహా కిట్ కంటే విలువైంది. అందుకే ముందు ఆ సంగతి.

నాది 2013 మోడల్ చిన్న కారు. ఇల్లు విజయవాడ పటమటలో, పని గుంటూరులో. కృష్ణ మీద వారధి దాటాక మంగళగిరి వైపు సర్వీసు రోడ్డెక్కితే, వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు మీదకొచ్చేదాకా కనపడేది కాదు. వానలో తారు తడిసిందంటే లైటు వేసినట్టే ఉండేది కాదు. యాక్సెసరీల షాపులో అడిగితే ఒకాయన ఎల్‌ఈడీ బల్బులన్నాడు, ఇంకొకాయన 100/90 వాట్ల హాలోజెన్ పెట్టేద్దామన్నాడు.

నేను ఆటోనగర్‌లో ఎలక్ట్రికల్ మేస్త్రి దగ్గరికెళ్లాను. ఆయన ఇంజిన్ ఆన్ చేయించి, లైట్లు వేయించి, మల్టీమీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. బల్బు వెనక తగిలించే ప్లగ్గు, అదే కప్లర్ దగ్గర 12.2. మిగతాదంతా స్విచ్చులో, సన్న వైర్లలో, పాత కనెక్టర్లలో పోతోంది. "ఉన్న బల్బుకే తిండి అందట్లేదు బాబూ, పెద్దది పెట్టి ఏం చేస్తావు?" అన్నాడు. హాలోజెన్‌కి వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. అదే వైరు మీద 100/90 పెడితే కరెంటు ఇంకా ఎక్కువ లాగి హోల్డర్ కరుగుతుంది. ఎల్‌ఈడీ సంగతి వేరు. హెచ్4 రిఫ్లెక్టరు, ఫిలమెంటు ఎక్కడుండాలో లెక్కగట్టి చేసింది. ఆ చోటు కాస్త తప్పినా వెలుగు రోడ్డు మీద పడకుండా ఎదుటివాడి కళ్లలో కొడుతుంది.

రిలే కిట్‌లో పాత వైరుకి రిలేని ఆన్ చేసే పనొక్కటే మిగులుతుంది. బల్బుకి కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరులో నేరుగా వెళ్తుంది. బల్బు అదే, కంపెనీ ఇచ్చిన 60/55 వాట్లది. కంపెనీ వైరు ఒక్కటి కూడా కొయ్యక్కర్లేదు గనక, బిగించుకోవడం నువ్వే చేసుకోవచ్చన్నాడు మేస్త్రి. ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్యమన్నాడు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోపే ఉండాలన్నాడు. ఎందుకంటే ఆ మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే ఆపేది ఏదీ లేదు. ఎర్త్ లగ్గు, అంటే ఎర్త్ వైరుని బాడీకి బిగించే రింగు కింద పెయింటు గీకి ఇనుము తళతళలాడాలి. రిలేల మూతి కిందికి ఉండాలి, నీళ్లు నిలవకుండా.

ఆదివారం సెల్లార్‌లో నేనే బిగించాను. మర్నాడు మేస్త్రి చూసి, కిట్‌తో వచ్చిన ఫ్యూజు హోల్డర్ మూత వదులుగా ఉందని వేరేది వేయించాడు. కిట్‌లో నాసిరకం వస్తువు అదొక్కటే. కప్లర్ దగ్గర ఇప్పుడు 13.6 వోల్టులు. పసుపు వెలుగు కాస్తా తెల్లబడింది, రోడ్డు పక్క మట్టి అంచు దాకా కనిపిస్తోంది. వెలుగు పెరిగింది కదా అని ఊరుకోకుండా, గోడ మీద బీమ్ కూడా కిందికి సరిచేయించాను. ఎదుటివాళ్లు డిప్ కొట్టి తిట్టుకోవట్లేదంటే అందువల్లే.

కొన్ని వానాకాలాలు గడిచాక కుడి లైటు మసకబారింది. చూస్తే ఎర్త్ లగ్గుకి పచ్చగా చిలుము పట్టింది. గీకి, వాజ్‌లైన్ రాస్తే సరిపోయింది. వానాకాలం ముందు అదొకటి చూసుకుంటే చాలు. వోల్టేజి పెరిగింది గనక బల్బులు మునుపటి కంటే త్వరగా పోతున్నాయి. నాకు అది సమ్మతమే.

వారంటీలో ఉన్న కారుకి దీని జోలికి పోకండి. కొన్ని కొత్త కార్లలో లైట్లకి కరెంటుని కంప్యూటరే విడతలుగా పంపుతుంది, అక్కడ రిలే టకటకా కొట్టుకుంటుంది. మీది అలాంటిదో కాదో కిట్ ఆర్డరు పెట్టకముందే మీటరున్న ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.